కితేరియా మొగుడు ఓటేసిన ఏడు

కితేరియా మొగుడు క్రిస్పులోను పూడ్చిపెట్టింది నేనే. ఈ మాట నలుగురిలో చెప్పాల్సిన రోజున చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు అన్నిటికంటే ముందు చెప్పేస్తున్నాను. మంచుకు గడ్డకట్టిన నేల. ఉత్తరం గోడ పక్కన రెండు పూటలు తవ్వాను, నా పార వంకరపోయింది. క్రిస్పులో ఆరడుగుల మనిషి. బతికున్నన్నాళ్లూ సందులో ఎదురొస్తే ఎవరికీ దారి ఇచ్చేవాడు కాదు, పోయాక కూడా అందరికంటే ఎక్కువ చోటు కావాలన్నాడు.

నా పేరు పోన్సియానో. వాల్దెసార్సా ఊరి శ్మశానం ఇరవై తొమ్మిదేళ్లుగా నా చేతిలోనే ఉంది. జీతం ఊరి కచేరీ ఇస్తుంది. ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి, నా పిరికితనానికి అదే కారణం.

కితేరియా ఉప్పు అమ్మేది. కొండ అవతలి ఉప్పుమడుల నుంచి రెండు కంచరగాడిదల మీద బస్తాలు వేసుకొచ్చి ఏడూళ్లు తిరిగేది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. గొంతు మాత్రం ఆమె కంటే అరగంట ముందు ఊళ్లోకి వచ్చేది. గాడిదల్లో ఒకదాని పేరు బిషప్పు, రెండోదాని పేరు రాణి. మాడ్రిడ్‌లో ఉన్న అసలు రాణిగారిని జనం దేశం నుంచి తరిమేసిన ఏడు, ఆ పేరు మార్చేద్దామని క్రిస్పులో అన్నాడట. "ఇది పని చేస్తోందయ్యా, దీన్నెందుకు దించడం?" అందట కితేరియా. ఫాదిరీ గారికి బిషప్పు పేరు మీదే కోపం. ఆయన ఎదురొచ్చినప్పుడల్లా ఈమె కావాలని దాన్నే పేరుపెట్టి తిట్టేది.

ఆ ఉప్పు పనిలోనే క్రిస్పులో పోయాడు. జనవరి నెలలో ఏరు దాటుతుంటే కాలు జారి బస్తాలతో సహా నీళ్లలో పడ్డాడు. ఉప్పు అక్కడే కరిగిపోయింది. మనిషి ఇంటికైతే వచ్చాడు గానీ, ఊపిరితిత్తులు పట్టేసి తొమ్మిదో రోజుకు కన్నుమూశాడు. రొట్టెలబట్టీ సతూరియో ఇంకో ముగ్గురితో కలిసి పెట్టె మోశాడు. డాక్టరు ఇలారియో గారు శవం కనురెప్పలు మూశారు. నేను మన్ను పోశాను. ఒక మనిషి చావుకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాగితం కావాలి. సరిగ్గా ఆ జనవరి నుంచే చావుపుట్టుకలు చర్చి పుస్తకంలో రాస్తే చెల్లదు, ఊరి కచేరీ పుస్తకంలో రాయాలని కొత్త చట్టం వచ్చింది. చట్టం జనవరిలో వచ్చింది, పుస్తకం మార్చిలో వచ్చింది. మా కరణం అబుందియో గారు ఆ రెండు నెలల చావుల్ని తీరిగ్గా ఎక్కిద్దామనుకున్నాడు. ఆయన తీరిక మా అందరికీ తెలిసిందే. ఫాదిరీ గారు మాత్రం తన పుస్తకంలో క్రిస్పులో పేరు చక్కగా రాసుకున్నారు. అయితే ఆయన, సింహాసనం తనదేనంటూ కొండల్లో తిరుగుబాటు చేస్తున్న ఇంకో రాజు మనిషి. కచేరీ వాళ్లు ఆయన కాగితం ముట్టుకోరు, ఆయన వాళ్లకి కాగితం ఇవ్వడు.

అప్పట్లో మాకో రాజు ఉండేవాడు. పెద్దమనుషులు వెతికి వెతికి ఇటలీ నుంచి తెచ్చుకున్నారు. పాపం, ఆయనకి మా భాష రాదు, మాకు ఆయన మొహం తెలీదు. ఆయన రెండేళ్లు ఉంటే మూడుసార్లు ఎన్నికలు పెట్టారు. మూడోవి క్రిస్పులో పోయిన మరుసటి ఏడు ఆగస్టులో వచ్చాయి. ఆగస్టంటే నూర్పిళ్లు. బతికున్నవాళ్లందరూ కళ్లాల్లో గోధుమలు తూర్పారబడుతున్నారు. ఊళ్లో పనీపాటా లేకుండా ఉన్నవాళ్లు చచ్చినవాళ్లే. అందుకని వాళ్లొచ్చి ఓట్లేశారు.

నిజంగానే వేశారు, ముప్ఫై ఒక్క మంది. బతికుండగా చర్చికి కూడా వరసలో రానివాళ్లు, ఆ రోజు అక్షరక్రమంలో వచ్చి ఒకడి వెనక ఒకడు ఓటేసినట్టు కరణం జాబితాలో రాశాడు. ఓట్ల పెట్టె ఎక్కడో పోయిందని మేయరు గారింటి నుంచి పెద్ద వంటకుండ తెచ్చిపెట్టారు. చీటీలు తీస్తుంటే శనగల వాసన. ఆ కుండ నిండా చీటీలు ముందురోజే మేయరు గారి వంటింట్లో తయారయ్యాయని తెలియనివాడు ఊళ్లో లేడు. నేనూ మూడు ఓట్లు వేశాను, అందులో ఒకటి నా పేరు మీదే. బల్ల దగ్గర కూర్చున్న నలుగురిలో సతూరియో ఒకడు. జాబితాలో ప్రతి పేజీ కింద "నా కళ్లముందే ఓటు వేసినారు" అని సంతకం పెట్టాడు. దానికి ప్రతిఫలం ఒక తోలుతిత్తి నిండా వైను. మంత్రిగారి మనిషి గెలిచాడు, మొత్తం నియోజకవర్గంలో పందొమ్మిది ఓట్ల తేడాతో. అంటే ఆయన్ని పార్లమెంటుకు పంపింది నా శ్మశానమే. ఆయన మాత్రం ఒక్కసారి కూడా పూలు తేలేదు.

ఇందులో క్రిస్పులో ఓటు ఒకటి. కితేరియాకు తెలిసి నవ్వింది కూడా. "బతికున్నప్పుడు ఒక్క పనికీ వేళకి రాలేదు మహానుభావుడు," అంది.

ఆ నవ్వు డిసెంబరు దాకానే. పటాలానికి కుర్రాళ్లను తీసే చీట్లు వేశారు. మా ఊరి వంతు నలుగురు. కితేరియా ఒక్కగానొక్క కొడుకు ఎలాదియోకు మూడో నంబరు వచ్చింది. సతూరియో కొడుకు దామాసోకు అయిదో నంబరు. ఉత్తరాన కొండల్లో ఆ రెండో రాజు కోసం యుద్ధం, సముద్రం అవతల క్యూబాలో ఇంకో యుద్ధం. డబ్బున్నవాళ్లు కట్టి తప్పించుకుంటారు. లేనివాళ్లు వెళ్తారు. వెళ్లినవాళ్లలో ఎంతమంది తిరిగొస్తారో శ్మశానం వాణ్ణి, నాకు తెలుసు. నా దాకా రానివాళ్లే ఎక్కువ.

కితేరియా భయపడలేదు. పేద వితంతువుకు ఒక్కడే కొడుకైతే వాణ్ణి తీసుకోరు, అది పాత నియమం. ఎలాదియో పేరు కొట్టేస్తారు, నంబర్లు ఒకటి ముందుకు జరుగుతాయి. జరిగితే అయిదో నంబరు వెళ్లాలి.

ఆదివారం పూజ అయ్యాక కచేరీలో విచారణ. మేయరు గారు కునికిపాట్లు పడుతున్నారు. కరణం మూడో నంబరు పిలిచాడు. కితేరియా నల్లబట్టల్లో ముందుకొచ్చి, "నేను విధవరాలినండి, వీడొక్కడే నాకు," అంది.

సతూరియో లేచాడు. "అభ్యంతరం అండీ. ఈవిడ మొగుడు బతికే ఉన్నాడు. ఆగస్టులో ఓటేశాడు. ఇదుగో జాబితా. నూట నలభై మూడో నంబరు."

గది మొత్తం ఒక్కసారి నవ్వింది. నవ్వు ఆగాక చూస్తే సతూరియో నవ్వట్లేదు.

"ఒరేయ్ సతూరియో, నీకు మతిగానీ పోయిందా? పెట్టె మోసినోడివి నువ్వు!" అంది కితేరియా.

"ఏం మోశానో నాకేం తెలుసు? మూత తీసి చూశానా?" అన్నాడు సతూరియో.

కరణం మొహం పాలిపోయింది. క్రిస్పులో చచ్చాడని కచేరీ ఒప్పుకుంటే, చచ్చినవాడు ఓటెలా వేశాడని ఓడిపోయినవాడు అడుగుతాడు. ఒకటి పోతే ముప్ఫై ఒకటీ పోతాయి. పందొమ్మిది ఓట్ల గెలుపు పోతుంది, కరణం జైలుకు పోతాడు. ఆయన చావుల పుస్తకం తెరిచి అటూ ఇటూ తిప్పాడు. "క్రిస్పులో చావు ఇందులో లేదమ్మా. కచేరీ లెక్క ప్రకారం నీ మొగుడు బతికున్నట్టే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నా బట్టలు చూడండి కరణం గారూ! రెండేళ్లుగా నలుపే కట్టుకుంటున్నాను."

"బట్టలు సాక్ష్యం కాదు."

అప్పుడామె నా వైపు తిరిగింది. "పోన్సియానో, నువ్వు చెప్పు. నీ చేత్తో పూడ్చావు కదా?"

నేను కరణం వైపు చూశాను. కరణం నా వైపు చూశాడు. నా జీతం కాగితం మీద సంతకం చేసేది ఆయనే. కరణంతో కంటు కాటికి పోయినా తప్పదంటారు. నేను ఉండేదే కాటిలో, నాకెక్కడికి తప్పుతుంది? "ఎంతమందినో పూడ్చాను వదినా, ఒక్కొక్కరి మొహం గుర్తుండదు," అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వచ్చే ఆదివారంలోగా రుజువు తేకపోతే ఎలాదియో వెళ్లాల్సిందేనని తేల్చారు.

ఆ వారమంతా ఆమె ఉప్పు అమ్మలేదు. ఫాదిరీ గారి దగ్గరికి వెళ్తే, ఇటలీ రాజు కచేరీకి నేను అక్షరం ముక్క కూడా పంపనన్నాడు. ఎలాదియో, "పోనీ అమ్మా, వెళ్తానులే," అంటే చెంప పగలగొట్టిందట. వాడు ఆమె కంటే రెండడుగులు ఎత్తు. చెంప అందేలా వాణ్ణి కూర్చోబెట్టి మరీ కొట్టిందని పక్కింటివాళ్లు చెప్పారు.

గురువారం పొద్దున్నే నా దగ్గరికి వచ్చింది. నేను పార కింద పెట్టాను.

"నీకు చదవడం వచ్చు కదా?" అంది.

వచ్చు. సమాధిరాళ్ల మీద నేర్చుకున్నాను. "క్షమించు వదినా," అన్నాను.

"క్షమాపణ తర్వాత. కచేరీ తలుపు మీద అంటించిన కాగితం చదివిపెట్టు. ఎవరెవర్ని పటాలానికి తీసుకోరో, అన్నీ చదువు. ఒక్కటీ వదలకు."

తలుపు ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. పేద వితంతువు కొడుకు. అరవై దాటిన పేద తండ్రి కొడుకు. పని చేయలేని అవిటి తండ్రిని పోషించే ఒక్కగానొక్క కొడుకు. అన్న ఇప్పటికే పటాలంలో ఉన్న తమ్ముడు...

"ఆగు. మూడోది మళ్లీ చదువు," అంది.

చదివాను. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. శాలువా బిగించుకుని వెళ్లిపోయింది. ఆమె మనసులో ఏముందో నాకు తట్టలేదు. తెల్లారేసరికి పైకి వినిపించేలా బిషప్పును తిట్టడం మాత్రం విన్నాను. సంగతేమిటో గానీ నా ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆదివారం కచేరీ కిటకిటలాడిపోయింది. కితేరియా నల్లబట్టలు విప్పేసింది. ఎప్పుడో పెళ్లినాటి ఎర్రంచు పావడా కట్టుకుని వచ్చింది. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

"రుజువు తెచ్చావా?" అన్నాడు కరణం.

"లేదండీ. పోయినవారం నేను చెప్పింది తప్పు. మీరన్నదే నిజం. నా మొగుడు బతికే ఉన్నాడు."

సతూరియో మొహం వెలిగిపోయింది. "చూశారా, నేను చెప్పలా!"

"చెప్పావయ్యా, పుణ్యాత్ముడివి," అని కితేరియా కరణం వైపు తిరిగింది. "అయితే ఆయన పని చేయలేడండి. లేవలేడు, నడవలేడు. వీడొక్కడే దిక్కు. అవిటి తండ్రికి ఒక్కడే కొడుకైతే తీసుకోకూడదని తలుపు మీద మీరే రాశారు. డాక్టరు గారు పరీక్ష చేసి కాగితం రాయాలని కూడా ఉంది. పదండి, ఆయన దగ్గరికి తీసుకెళ్తాను."

కరణానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఆ లేవడంలో ఉన్న ఉత్సాహం ఆయనలో ఇరవై తొమ్మిదేళ్లలో నేను చూడలేదు. "చట్టం చట్టమే. డాక్టరు గారూ, బయల్దేరండి," అన్నాడు.

మేయరు, కరణం, డాక్టరు, సతూరియో, వాళ్ల వెనక ఊరంతా నా శ్మశానానికి వచ్చారు. గాలి ఈడ్చి కొడుతోంది. ఉత్తరం గోడ దగ్గర కితేరియా ఆగి, "ఇక్కడే పడుకుని ఉన్నాడు. మెల్లగా మాట్లాడండి, నిద్రాభంగం," అంది.

డాక్టరు ఇలారియో గారు నిజాయితీ గల మనిషి, అబద్ధం రాయడానికి చెయ్యి రాదు. టోపీ తీసి సమాధి వంక చాలాసేపు చూశారు.

కరణం మోకాలి మీద కాగితం పెట్టుకుని మొదలుపెట్టాడు. "రోగి లేచి నిలబడగలడా?"

"లేడు," అన్నారు డాక్టరు గారు.

"చేతులతో పని?"

"చేయలేడు."

"చూపు?"

"లేదు."

"బాగయ్యే ఆశ?"

డాక్టరు గారు ఫాదిరీ గారింటి వైపు ఒకసారి చూశారు. "నా వైద్యంలో లేదు. ఇంకెవరి చేతిలోనైనా ఉందేమో నేను చెప్పలేను."

"కొడుకే పోషిస్తున్నాడా?" అని కరణం కితేరియాను అడిగాడు.

"రెండేళ్లుగా మేం పెట్టింది తప్ప ఇంకో ముద్ద ముట్టలేదండి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలాదియో మాత్రం తండ్రి సమాధి వంక చూడలేక తల వంచుకున్నాడు. కరణం కాగితం డాక్టరు గారి ముందు పెట్టాడు. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. డాక్టరు గారు సంతకం చేశారు.

అప్పటికి సతూరియోకు మతి వచ్చింది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "ఏంటండీ ఈ నాటకం? క్రిస్పులో చచ్చాడు! రెండేళ్లయింది! పెట్టె నేనే మోశాను, నా భుజం వారం రోజులు నొప్పెట్టింది!"

ఎవరూ నవ్వలేదు. కరణం చాలా మెల్లగా అడిగాడు. "అయితే సతూరియో, ఆగస్టులో ఓటేసిందెవరు? కళ్లముందే వేశాడని సంతకం నీదే కదా. జడ్జిగారి ముందు అది దొంగ సంతకమని చెప్తావా? చెప్తే ఎన్నేళ్లో తెలుసా?"

సతూరియో వచ్చిన దారినే జనంలోకి వెనక్కి తగ్గాడు. మా ఇద్దరిలో గోతులు తవ్వేది నేనైతే అందులో పడింది వాడు. ఈ మాట ఆ రోజు నాకు భలే నచ్చి, వైను దుకాణంలో నలుగురికి చెప్పాను కూడా. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే ఎలాదియో పేరు కొట్టేశాక కరణం గోడ దగ్గరే నిలబడి తర్వాతి నంబరు చదివాడు. అయిదు, దామాసో. వాడు జనం వెనక నిలబడి ఉన్నాడు. రొట్టెలపిండి ఇంకా చేతులకి అంటుకునే ఉంది. అందరితో పాటు వాడూ అప్పటిదాకా నవ్వాడు.

దామాసో సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాన్ని చివరికి మిగల్చడం నాకు ఇష్టం లేదు. జనవరిలో వెళ్లాడు. ఫిబ్రవరిలో ఇటలీ రాజు ఇక మీతో నావల్ల కాదని ఇంటికి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా కొత్త ప్రభుత్వం ఈ బలవంతపు పటాలాన్ని ఎత్తేసింది. నెల ఆగి ఉంటే వాడు వెళ్లేవాడే కాదు. వెళ్లినవాళ్లని మాత్రం వదల్లేదు. మే నెలలో ఉత్తరాన నవార్రా కొండల్లో పోయాడు. ఎక్కడ పూడ్చారో ఎవరూ రాయలేదు. అదే నెలలో మళ్లీ ఎన్నికలు, ఈసారి రాజు లేని ప్రభుత్వానికి. క్రిస్పులో దానికీ వచ్చి ఓటేశాడు.

కితేరియా ఆ తర్వాత పందొమ్మిదేళ్లు బతికింది. తోలుతిత్తులు కుట్టే ఒకాయన పెళ్లి చేసుకుంటానని వచ్చాడు, మంచివాడే. కరణం దగ్గరికి వెళ్తే, "మొగుడు బతికుండగా రెండో పెళ్లెలా అవుతుందమ్మా?" అన్నాడు. ఆమె వాదించలేదు. క్రిస్పులో చచ్చాడని రాయించుకుంటే, ఎలాదియో కాగితం చెల్లకుండా పోతుందని భయం. ప్రభుత్వాలు ఎత్తేసినవాటిని మళ్లీ దించుకుంటాయని ఆమెకు తెలుసు. బలవంతపు పటాలాన్ని మరుసటి ఏడే మళ్లీ దించుకున్నారు కూడా. కొడుకు గాడిదల పని చూసుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లల్ని కన్నాడు. ఆమె ఒంటరిగానే ఉండిపోయింది. ఇంత తెలివైన మనిషి ఇంత ఖరీదు కట్టాల్సి వచ్చిందని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకు మరిచిపోలేనిది మాత్రం ఆ జనవరి పొద్దు. నలుగురు కుర్రాళ్లనీ రైలు దగ్గరికి తీసుకెళ్లడానికి బండి వచ్చింది. తల్లులు ఏడుస్తున్నారు, డోలు వాయించేవాడు తాగి ఉన్నాడు. కితేరియా రాదనుకున్నాం. వచ్చింది, క్రిస్పులో కంబళి మడిచి చంకలో పెట్టుకుని. వెనక ఎలాదియో.

"దామాసో, ఇది కప్పుకో నాయనా. అక్కడ మంచు ఎక్కువట," అంది.

సతూరియో ఆ కంబళి లాక్కుని బురదలో విసిరేశాడు. "చచ్చినోడిది నా కొడుక్కెందుకే?"

చచ్చాడా, నువ్వే సంతకం పెట్టావుగా అని ఆమె అంటుందని ఊరంతా ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. ఆమె వంగి కంబళి తీసుకుని మట్టి దులిపింది.

"నావాడు ఆగాలని చేశాను సతూరియో. నీవాడు పోవాలని చేయలేదు."

సతూరియో పక్కనున్న మా ఇద్దరు ముగ్గురికి మాత్రమే వినపడేంత మెల్లగా అన్నాడు. "నేను చేశాను. క్రిస్పులో లేడని తెలిసీ, నీవాడు పోతే చాలనుకునే చేశాను."

దామాసో బండి మీంచి చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు పిన్నీ, చలేస్తోంది," అన్నాడు. ఆమె ఇచ్చింది. వాడు కప్పుకున్నాడు. ఆరడుగుల మనిషి కంబళి అది, వాడికి కాళ్ల దాకా వచ్చింది. బండి కదిలాక తల్లులందరూ వెంట పరిగెత్తారు, వాళ్లతో పాటు కితేరియా కూడా వంతెన దాకా పరిగెత్తింది. ఎవరూ ఆమెను వెనక్కి పొమ్మనలేదు.